కారుకి ఐటీబీలు: బిగింపు, సింక్, ట్యూనింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

స్టాక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పేసి, ఒక్కో సిలిండర్‌కి ఒక్కో థ్రాటిల్ బాడీ (గాలి దారిని తెరిచి మూసే భాగం; ఇలా విడివిడిగా పెట్టేవాటినే ఐటీబీలు అంటారు) పెట్టుకుందామనుకునేవాళ్ళు రాజమండ్రి నుంచి నరసాపురం దాకా అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. లెక్కలన్నీ 1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్‌కి, 10:1 కంప్రెషన్‌కి, కేబుల్ యాక్సిలరేటర్‌కి సరిపోయేలా ఇచ్చాం. మన దగ్గర ఈ పనికి ఎక్కువగా వచ్చేవి పాత హోండా సిటీ వీటెక్, పాత మారుతి బలెనో లాంటి బళ్ళే.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. ముందు గాలి, తర్వాత పెట్రోలు, చివర స్పార్క్. ఈ వరస తప్పితే ఎంత ఖరీదైన ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పెట్టినా పని తెమలదు.

ఐటీబీ వల్ల పవర్ ఎంత పెరుగుతుంది?

ఇంజన్‌లో ఇంకేమీ మార్చకపోతే పెద్దగా పెరగదు. పెరిగేది స్పందన. స్టాక్ మానిఫోల్డ్‌లో బటర్‌ఫ్లై (థ్రాటిల్ బాడీలో తిరిగే రేకు) దాటాక ప్లీనం అనే పెద్ద డబ్బా ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు ఆ డబ్బా నిండాకే సిలిండర్‌కి గాలి పూర్తిగా అందుతుంది. ఐటీబీలో బటర్‌ఫ్లైకీ వాల్వ్‌కీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు, అందుకే కాలు కదిలిన వెంటనే ఇంజన్ కదులుతుంది.

పవర్ కోసమైతే అసలు లాభం క్యామ్ (వాల్వులని తెరిచే షాఫ్ట్) మార్చినప్పుడు కనిపిస్తుంది. ఎక్కువ డ్యూరేషన్ ఉన్న, అంటే వాల్వులని ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ పెడితే తక్కువ ఆర్‌పీఎం దగ్గర కొంత గాలి వెనక్కి తన్నుతుంది. ఉమ్మడి ప్లీనంలో ఆ తన్నుడు పక్క సిలిండర్ల గాలిని కూడా పాడుచేస్తుంది. ఎవరి దారి వాళ్ళదైతే ఆ గొడవ తగ్గి, ఇలాంటి గట్టి క్యామ్‌తో కూడా స్లో (పెడల్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) ఓ మాదిరిగా నిలబడుతుంది. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3, నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, టయోటా 20 వాల్వుల 4ఏ-జీఈ ఇంజన్లకి కంపెనీలే ఐటీబీలు పెట్టి అమ్మాయి. క్యామ్, ఎగ్జాస్ట్, హెడ్ పని చేయించే ఉద్దేశం లేకపోతే ఆ డబ్బు టైర్ల మీద, బ్రేకుల మీద పెట్టమనే మా సలహా.

రోడ్డు మీద తిప్పుకోవచ్చా?

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన మార్పుకి అనుమతి వచ్చినట్టు కాదు. యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది ఇదే. కాబట్టి ఈ పేజీలో ఉన్నది ట్రాక్ కోసం, ఆటోక్రాస్ కోసం విడిగా ఉంచుకున్న బండి గురించి అనుకోండి. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో బండిని ఫ్లాట్‌బెడ్ లారీ మీద తీసుకెళ్ళడమే మంచిది. పోటీలో దిగాలనుకుంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ స్పోర్ట్స్ చూసే సమాఖ్య) రూల్ పుస్తకంలో మీ క్లాసు నిబంధనలు చదివాకే పని మొదలుపెట్టండి. స్టాక్‌కి దగ్గరగా ఉండాల్సిన క్లాసులో ఐటీబీ పెట్టిన బండిని దిగనివ్వరు.

బైక్ థ్రాటిల్ బాడీలు పనికొస్తాయా? ఎంత సైజు తీసుకోవాలి?

పనికొస్తాయి. కార్ల కోసమే చేసిన జెన్వీ లాంటి సెట్లకి కస్టమ్స్ కలిపితే ఖరీదు బాగా పెరుగుతుంది కాబట్టి, సుజుకి జీఎస్ఎక్స్-ఆర్ లాంటి నాలుగు సిలిండర్ల బైకుల బాడీలు వాడుకోవడమే ఎక్కువ. 1500, 1600 సీసీ ఇంజన్‌కి 40 నుంచి 42 మిల్లీమీటర్లు సరిపోతుంది. 45 అనేది 2 లీటర్ల ఇంజన్ మాట. పెద్దది పెడితే పెడల్ మీద మొదటి అరంగుళంలోనే సగం గాలి వెళ్ళిపోయి, ట్రాఫిక్‌లో బండి గెంతుతూ నడుస్తుంది.

పాత సెట్టు కొనేటప్పుడు అమ్మేవాడు చెప్పిన సైజు నమ్మకండి, వెర్నియర్‌తో కొలవండి. ఇంకో పరీక్ష ఉంది. బాడీని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని బటర్‌ఫ్లై మూయండి. అంచు చుట్టూ వెంట్రుకవాసి వెలుగు అన్నివైపులా సమానంగా కనిపించాలి. ఒకవైపు చంద్రవంకలా వెలుగు ఉండి ఇంకోవైపు చీకటిగా ఉంటే బటర్‌ఫ్లై షాఫ్ట్ మీద పక్కకి కూర్చుందన్నమాట. రెండు స్క్రూలూ కాస్త వదులు చేసి, గట్టిగా మూసి, దానంతట అదే మధ్యకి వచ్చాక మళ్ళీ బిగించాలి. ఆ స్క్రూలకి లాక్‌టైట్ తప్పనిసరి. ఊడితే నేరుగా సిలిండర్‌లోకే పోతుంది. తర్వాత షాఫ్ట్‌ని పైకీ కిందకీ ఊపి చూడండి. ఆట ఎక్కువగా తెలిస్తే ఆ సెట్టు వదిలేయండి, అరిగిన షాఫ్ట్ పక్క నుంచి గాలి లాగుతుంటే సింక్ (నాలుగు బాడీల్లోనూ గాలి సమానంగా పోవడం) ఎప్పటికీ నిలవదు.

చాలా జీఎస్ఎక్స్-ఆర్ బాడీల్లో మోటారుతో తిరిగే రెండో వరస బటర్‌ఫ్లైలు ఉంటాయి. వాటిని షాఫ్ట్‌తో సహా తీసేయాలి. ఆ కన్నాలు అసలు బటర్‌ఫ్లైకి పైవైపున ఉంటాయి కాబట్టి మూయకపోయినా స్లో చెడదు గాని, ఫిల్టర్ దాటని దుమ్ము అక్కడి నుంచే లోపలికి పోతుంది. అల్యూమినియం ప్లగ్గులు కొట్టి మూయించండి.

అడాప్టర్ మానిఫోల్డ్ ఇక్కడే చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. మంచి లేత్ షాపు, ఆర్గాన్ వెల్డింగ్ బాగా వచ్చిన మనిషి, ఇద్దరూ దొరికితే చాలు. రాజమండ్రిలో గాని కాకినాడలో గాని కుదరకపోతే విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది.

హెడ్ వైపు ఫ్లాంజికి 12 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు తీసుకోండి. 8 మిల్లీమీటర్ల ప్లేటు వెల్డింగ్ వేడికి వంకరపోతుంది. వెల్డింగ్ అయ్యాక ఫ్లాంజి ముఖాన్ని మళ్ళీ ఫేసింగ్ చేయించాలి. స్టీలు స్కేలు అంచు ఫ్లాంజి మీద నిలబెట్టి, కింద 0.05 ఫీలర్ గేజి ఎక్కడా దూరకుండా ఉంటేనే సరి. వంకరని అనబాండ్ (సీలు చేసే పేస్టు) పూసి సర్దుకుంటే రెండు మూడు వేడి చల్లబాట్లకే లీకవుతుంది.

బైక్ బాడీల మధ్య దూరాలూ కారు హెడ్ పోర్టుల మధ్య దూరాలూ కలవవు. బాడీలని విడదీసి కొత్త దూరానికి జోడించాలి, లేదా పైపులని వాలుగా వంచి కలపాలి. మొదటిదే మేలు, ఎందుకంటే వంచిన పైపుల్లో రెండు పొడుగు, రెండు పొట్టి అయ్యే ప్రమాదం ఉంది. మానిఫోల్డ్‌కీ బాడీకీ మధ్య బైక్ రబ్బరు బూట్లే ఉంచుకోండి. ఇంజన్ అదురు బాడీలకి తగలకుండా అవి కాస్తాయి. పోర్టు దగ్గర లోపలి అంచు వేలితో తడిమి చూడండి. హెడ్ పోర్టు కంటే మానిఫోల్డ్ పెద్దదై మెట్టులా తగిలితే ఫైలుతో సరిచేయాలి.

ట్రంపెట్ పొడవు ఎంత ఉండాలి?

ట్రంపెట్ (బాడీకి ముందు గాలి పీల్చే బాకా లాంటి గొట్టం) నోటి నుంచి వాల్వ్ దాకా మొత్తం దారిని లెక్కేయాలి, ట్రంపెట్ ఒక్కదాన్నే కాదు. 7000 ఆర్‌పీఎం దగ్గర పవర్ కావాలంటే సుమారు 300 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టండి. పొడవు పెరిగితే మధ్య ఆర్‌పీఎంలో లాగుడు పెరుగుతుంది, తగ్గితే పైన బాగుంటుంది. చాలా బళ్ళలో పొడవుని బానెట్ కింద ఉన్న చోటే తేలుస్తుంది. నోటికీ ఎదురుగా ఉన్న గోడకీ మధ్య కనీసం నోటి వ్యాసమంత ఖాళీ ఉంచండి. అంతకంటే తగ్గితే పొడవు లెక్కలన్నీ వృథా.

ఇంజెక్టర్లు, పెట్రోలు లైను ఎలా ఎంచుకోవాలి? ఈ20 పెట్రోలుతో ఇబ్బందా?

130 హార్స్‌పవర్ లక్ష్యం అనుకోండి. ఇంజెక్టర్‌ని 85 శాతం కంటే ఎక్కువ పని చేయించకూడదనే లెక్కన మామూలు పెట్రోలుకి ఒక్కోటి నిమిషానికి 200 సీసీ పోయాలి. ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి) ఇంకో 8, 9 శాతం ఎక్కువ పోయాలి. అంటే 220 దగ్గరకొచ్చింది. 240 సీసీవి తీసుకుంటే నిశ్చింత. 500 సీసీవి చవగ్గా దొరికాయని పెడితే స్లో దగ్గర అంత చిన్న మోతాదు నిలకడగా పోయలేవు.

పాత ఇంజెక్టర్లయితే క్లీనింగ్ మెషీన్ మీద పెట్టించి, నాలుగు గాజు గొట్టాల్లో మట్టం మీ కళ్ళతో చూడండి. ఎక్కువ తక్కువల మధ్య తేడా 3 శాతం దాటకూడదు. 100 మిల్లీలీటర్ల దగ్గర ఆపిస్తే తేడా సులువుగా తెలుస్తుంది.

పెట్రోలు, ఇథనాల్ కలిసిన ఈ20లో సరైన గాలి పెట్రోలు నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. మీటరు మీద 14.7 కోసం వెతికేవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. అందుకే అంతటా లాంబ్డాలోనే మాట్లాడుకోవాలి. లాంబ్డా 1 అంటే ఏ పెట్రోలుకైనా సరైన మిశ్రమం. 1 కంటే తక్కువైతే పెట్రోలు ఎక్కువ (రిచ్), ఎక్కువైతే పలచన. పాత రబ్బరు పైపులూ ఓ రింగులూ ఇథనాల్‌కి ఉబ్బి పగులుతాయి. ఓ రింగులు వైటాన్‌వి వేయండి, హోసు మీద జే30 ఆర్9 అని అచ్చు ఉన్నదే కొనండి. పైపు పగిలి వేడి ఎగ్జాస్ట్ మీద పెట్రోలు పడితే బండి బూడిదే. ఈ ఒక్క చోట బేరమాడకండి.

ప్రెషర్ రెగ్యులేటర్ 3 బార్ దగ్గర పెట్టి, దాని వాక్యూమ్ గొట్టాన్ని ఏ సిలిండర్‌కీ కలపకుండా గాలికి వదిలేయండి. ఒకే రన్నర్‌కి (ఒక సిలిండర్ గాలి దారికి) కలిపితే ఆ కుదుపులకి ప్రెషర్ కూడా ఊగుతుంది. ముందు ఇలా, తర్వాత అలా మార్చారంటే మ్యాప్ (ఈసీయూలోని పెట్రోలు, స్పార్క్ టేబుళ్ళు) మళ్ళీ మొదటి నుంచి చేయాల్సిందే.

బ్రేకులకి వాక్యూమ్ ఎక్కడి నుంచి?

ప్రతి రన్నర్‌లో బటర్‌ఫ్లైకి వాల్వ్ వైపున 4 మిల్లీమీటర్ల నిపుల్ ఒకటి వేయించి, నాలుగింటినీ చిన్న అల్యూమినియం డబ్బాలోకి కలపండి. ఆ డబ్బా నుంచి వన్‌వే వాల్వ్ ద్వారా బ్రేక్ బూస్టర్‌కి. గట్టి క్యామ్ ఉంటే స్లోలో వాక్యూమ్ తక్కువ కాబట్టి మధ్యలో ఒక రిజర్వాయర్ ట్యాంకు కూడా పెట్టాలి. పరీక్ష సులువు. ఇంజన్ నిమిషం పాటు నడిపి ఆపేయండి, వరసగా మూడుసార్లు బ్రేకు తొక్కండి. కనీసం మొదటి రెండుసార్లు పెడల్ మెత్తగా దిగాలి. రెండోసారికే రాయిలా గట్టిపడితే బండి షెడ్డు దాటకూడదు.

క్రాంక్‌కేస్ ఆవిరిని బయటికి తీసే పీసీవీ గొట్టాన్ని మాత్రం ఈ డబ్బాకి కలపకండి. ఆయిల్ ఆవిరి రన్నర్లలోకి పోతుంది. ఆ ఆయిల్‌ని పట్టే లీటరు క్యాచ్ క్యాన్ ఒకటి విడిగా పెట్టండి.

స్టాక్ ఈసీయూ ఎందుకు పనికిరాదు?

ఇంజన్ ఎంత గాలి పీలుస్తోందో హోండా, మారుతి ఈసీయూలు మానిఫోల్డ్ ప్రెషర్ చూసి లెక్కేసుకుంటాయి. ఐటీబీలో బటర్‌ఫ్లై పావు వంతు తెరుచుకునేసరికే రన్నర్‌లో ప్రెషర్ దాదాపు బయటి గాలితో సమానమైపోతుంది. అక్కడి నుంచి ఫుల్ త్రాటిల్ దాకా సెన్సర్‌కి అంతా ఒకేలా కనిపిస్తుంది, ఇంజన్ తాగే గాలి మాత్రం మారుతూనే ఉంటుంది.

అందుకని స్పీడ్యూనో, మెగాస్క్విర్ట్, లింక్, హాల్‌టెక్ లాంటి స్టాండలోన్ ఈసీయూ కావాలి. దాంట్లో ఆల్ఫా-ఎన్ పద్ధతి వాడతారు. అంటే బటర్‌ఫ్లై ఎంత తెరుచుకుంది, ఆర్‌పీఎం ఎంత అనే రెండింటి మీదే పెట్రోలు టేబుల్ ఉంటుంది. మెగాస్క్విర్ట్‌లో కింద ప్రెషర్‌నీ పైన త్రాటిల్‌నీ కలిపి చూసే ఐటీబీ మోడ్ కూడా ఉంది. స్లో దగ్గర అది బాగుంటుంది. కాని దానికి నాలుగు రన్నర్ల ప్రెషర్ ఒక డబ్బాలో కలిపి, ఒక్కో గొట్టంలో 1 మిల్లీమీటరు జెట్టు పెట్టి కుదుపు చంపాలి. మొదటిసారి చేసేవాళ్ళు నేరుగా ఆల్ఫా-ఎన్‌తోనే వెళ్ళండి.

ఎలక్ట్రానిక్ త్రాటిల్ ఉన్న కొత్త కారుకి?

పెడల్‌కి కేబుల్ పెట్టి మార్చాలి, ఈసీయూ మార్చాలి, ఏబీఎస్, డాష్‌బోర్డు మాట్లాడుకునే క్యాన్ వైరింగ్‌ని కూడా బుజ్జగించాలి. వద్దు.

బిగించేటప్పుడు ఎక్కడ జాగ్రత్తపడాలి?

మానిఫోల్డ్ నట్లు మధ్య నుంచి బయటికి, రెండు దఫాలుగా బిగించండి. ఎం8 స్టడ్లకి 22 న్యూటన్ మీటర్లు చాలు. హెడ్ అల్యూమినియం కాబట్టి కసిగా తిప్పితే మరలు లేస్తాయి. పేపర్ ప్యాకింగ్ కొత్తదే వేయాలి.

యాక్సిలరేటర్ లింకేజీకి రిటర్న్ స్ప్రింగులు రెండు ఉండాలి, ఒకటి విరిగినా ఇంకొకటి మూసేలా. ఇంజన్ ఆపి, ఒకరు పెడల్ పూర్తిగా తొక్కితే ఇంకొకరు బటర్‌ఫ్లైలు నిటారుగా నిలబడ్డాయో లేదో పైనుంచి చూడాలి. దాటిపోతున్నాయంటే పెడల్ కింద స్టాపర్ పెట్టాలి, లేకపోతే కేబుల్ తెగుతుంది. స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పినా, ఇంజన్ మౌంటింగుల మీద ఊగినా కేబుల్ లాగకూడదు.

త్రాటిల్ పొజిషన్ సెన్సర్ మూసినప్పుడు 0.5 వోల్టు, తెరిచినప్పుడు 4.5 వోల్టుల చుట్టుపక్కల చూపాలి. మధ్యలో ఎక్కడా గెంతకూడదు. ఆల్ఫా-ఎన్‌లో ఇంజన్ కళ్ళు ఈ సెన్సరే కాబట్టి పాతది పెట్టకండి. ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత సెన్సర్‌ని మానిఫోల్డ్ లోహంలో కాక ఎయిర్‌బాక్స్ గాలిలో పెట్టండి.

సింక్ ఎలా చేయాలి?

అన్నిటికంటే ఎక్కువ టైము ఇవ్వాల్సింది దీనికే. సింక్ కుదరకుండా ల్యాప్‌టాప్ తెరిస్తే నాలుగు సిలిండర్ల సగటు మీద ట్యూన్ చేస్తున్నట్టే. వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్ట్‌లో లాంబ్డా కొలిచే మీటరు) లాంబ్డా 0.95 చూపిస్తూ ఉంటుంది, లోపల ఒక సిలిండర్ 0.85లో పొగ కక్కుతుంటే ఇంకొకటి 1.05లో కాలుతుంటుంది.

దీనికి సింక్రోమీటర్ కావాలి. ట్రంపెట్ నోటికి ఆనించి పెడితే గంటకి ఎన్ని కిలోల గాలి పోతోందో చూపిస్తుంది. అది లేకపోతే బైక్ మెకానిక్కులు వాడే నాలుగు వాక్యూమ్ గేజీల సెట్టు వాడొచ్చు. గొట్టాల్లో ముల్లు వణుకు ఆగేలా సన్న జెట్లు పెట్టుకోవాలి.

ముందు లీకులు చూసుకోండి. ఇంజన్ స్లోలో ఉండగా రబ్బరు బూట్లు, ప్యాకింగ్, షాఫ్ట్ చివరల దగ్గర కార్బ్ క్లీనర్ కొద్దికొద్దిగా కొట్టండి. ఎక్కడ కొడితే ఆర్‌పీఎం మారిందో అక్కడ లీకు. వేడి ఎగ్జాస్ట్ పక్కనే ఉంటుంది, మంట ఆర్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకుని చేయండి.

ఇప్పుడు ఇంజన్ పూర్తిగా వేడెక్కనివ్వండి, రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగాక మొదలుపెట్టండి. ఈసీయూలో స్లో కంట్రోల్ ఆపేయండి, లేదంటే మీరు ఇటు తిప్పితే అది అటు సర్దుతుంది. బైపాస్ గాలి స్క్రూలు (బటర్‌ఫ్లై పక్క నుంచి కొద్దిగా గాలి వదిలేవి) నాలుగూ పూర్తిగా మూసేయండి. బాడీల మధ్య లింకేజీ స్క్రూలతో నాలుగింటి గాలినీ సమానం చేయండి. ఈ సైజు ఇంజన్ స్లోలో ఒక్కో నోటి దగ్గర 2 నుంచి 4 మధ్య చూపిస్తుంది. అంకె ఎంతన్నది ముఖ్యం కాదు, నాలుగూ ఒకటే కావాలి. మూడో బాడీ కదిపితే నాలుగోది కూడా కదులుతుంది కాబట్టి ఒక వరస పెట్టుకోండి: 1, 2 కలపండి, 3, 4 కలపండి, చివర ఆ రెండు జతలనీ కలపండి.

తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి మళ్ళీ కొలవండి. స్లోలో సమానంగా ఉండి ఇక్కడ తేడా వస్తే లింకేజీలో ఆట ఉంది, లేదా ఒక బటర్‌ఫ్లై పక్కకి కూర్చుంది. ఇక్కడ సమానంగా ఉండి స్లోలో మాత్రం కొంచెం తేడా ఉంటేనే బైపాస్ స్క్రూలు ముట్టుకోవాలి, అదీ పావు తిప్పు చొప్పున. చాలామంది లింకేజీ తప్పుని బైపాస్ స్క్రూతో కప్పేస్తారు. స్లో బాగుంటుంది, పెడల్ తొక్కగానే వణుకు మొదలవుతుంది.

మ్యాప్ ఎక్కడ మొదలుపెట్టాలి?

టేబుల్‌లో త్రాటిల్ గడులు సమానంగా పంచకండి. మార్పంతా మొదటి 20 శాతంలోనే ఉంటుంది. 0, 1, 2, 3, 5, 7, 10, 15, 20, 30, 45, 60, 80, 100 ఇలా కింద దగ్గర దగ్గరగా, పైన ఎడంగా ఉంచాలి.

ఎగ్జాస్ట్‌లో బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్ ఉన్న వైడ్‌బ్యాండ్ పెట్టండి. ముందు స్లో: లాంబ్డా 0.92 నుంచి 1 మధ్య ఎక్కడ ఇంజన్ నిమ్మళంగా ఉంటే అక్కడ. గట్టి క్యామ్‌కి కాస్త రిచ్చే నచ్చుతుంది. నిలకడగా వెళ్ళేటప్పుడు 0.95 నుంచి 1. ఫుల్ త్రాటిల్‌లో 0.86 నుంచి 0.90. ఈ పని జరిగినంతసేపూ స్పార్క్ టేబుల్‌ని కావాలనే కొన్ని డిగ్రీలు వెనక్కి ఉంచుకోండి. పెట్రోలు కుదిరాక, డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద, నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలే చప్పుడు) వినే హెడ్‌ఫోన్లతో ఒక్కో డిగ్రీ ముందుకి జరపాలి. టార్క్ పెరగడం ఆగిన చోట ఆపండి. నాక్ వచ్చేదాకా వెళ్ళనక్కర్లేదు.

ఫుల్ త్రాటిల్ గడులు డైనో మీదే, లేదా మూసి ఉన్న ట్రాక్ మీదే నింపాలి. రావులపాలెం హైవే మీద గాని, ఏటిగట్టు మీద గాని ఆ పని చేయకండి. గట్టు మలుపు తిరిగితే ఎదురుగా గేదెలుంటాయి, పిల్లలుంటారు. ల్యాప్‌టాప్ ఎప్పుడూ పక్క సీటులో మనిషి దగ్గరే ఉండాలి.

యాక్సిలరేటర్ ఠపీమని తొక్కితే ఒక క్షణం చచ్చిపడి తర్వాత లేస్తోంది. ఎందుకు?

గాలి ఒక్కసారి లోపలికి దూకుతుంది, పెట్రోలు కొంత పోర్టు గోడకి అంటుకుని ఆలస్యంగా వస్తుంది. ఆ క్షణానికి మిశ్రమం పలచన అవుతుంది. స్టాక్ మానిఫోల్డ్‌కి సరిపోయిన యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ (తొక్కిన క్షణాన అదనంగా పోసే పెట్రోలు) ఇక్కడ చాలదు. లాగ్‌లో తొక్కిన క్షణాన లాంబ్డా 1.1 పైకి ఎగిరితే పెంచండి, 0.8 కిందకి పడితే తగ్గించండి. కాని ముందు అసలు టేబుల్ సరిగ్గా ఉందో చూసుకోవాలి. నిలకడ గడులే తప్పుగా ఉంటే ఎన్‌రిచ్‌మెంట్ ఎంత తిప్పినా ఒకచోట బాగై ఇంకోచోట చెడుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పటికి విడిగా సర్దాలి, గోడకి అంటే పెట్రోలు అప్పుడు ఇంకా ఎక్కువ.

ఏసీ వేస్తే ఇంజన్ ఆగిపోతోంది.

స్లో వాల్వ్ తీసేసి ఉంటారు. పాత స్లో వాల్వ్‌ని బ్రేకుల కోసం పెట్టిన వాక్యూమ్ డబ్బాకి కలిపి, నాలుగు రన్నర్లకీ సమానంగా గాలి వెళ్ళేలా పెట్టుకోవచ్చు. అది లేకుండా కావాలంటే స్లో 1050 దగ్గర పెట్టి, ఆర్‌పీఎం పడినప్పుడు ఈసీయూ స్పార్క్ ముందుకి జరిపేలా ఐడిల్ టైమింగ్ కంట్రోల్ ఆన్ చేయాలి. ఏసీ స్విచ్ సిగ్నల్ ఈసీయూకి అందాక సగం సెకను ఆగి కంప్రెసర్ కలిపేలా పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

ట్రంపెట్లు తెరిచే ఉంచితే అందంగా ఉంటుంది కదా, ఫిల్టర్ కావాలా?

ఫొటో దిగేటప్పుడు తీయండి, నడిపేటప్పుడు పెట్టండి. మన దగ్గర సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు, మిషన్ల నుంచి పొట్టు గాలిలో తేలుతూ ఉంటుంది. ఇసుక లారీల దుమ్ము ఏడాది పొడుగునా ఉంటుంది. ఒక ధాన్యం పొట్టు బటర్‌ఫ్లై అంచున ఇరుక్కుంటే చాలు, స్లో 900 నుంచి 1500కి ఎక్కి కూర్చుంటుంది. ఇసుకైతే బోరు గీసేస్తుంది.

ఒక్కో నోటికి తొడిగే నురుగు సాక్సులు ఏమీ లేనిదానికంటే నయమే గాని, మన దుమ్ముకి ఎయిర్‌బాక్సే సరైన జవాబు. కాకినాడ తీరంలో ఫైబర్ పడవల పని చేసేవాళ్ళకి అచ్చు ఇస్తే బాక్సు పోయగలరు. మామూలు పాలియెస్టర్ రెజిన్ ఇంజన్ వేడికి మెత్తబడుతుంది, వినైల్ ఎస్టర్ గాని ఎపాక్సీ గాని వాడమని చెప్పండి. బాక్సు నోటిని గ్రిల్లు వెనక, రేడియేటర్ వేడి తగలని చోట పెట్టి, పెద్ద కాగితం ఫిల్టర్ బిగించండి. బాక్సు పెట్టాక మ్యాప్ మళ్ళీ సరిచూడాలి. తెరిచి ట్యూన్ చేసి, మూసి నడపకూడదు.

వానాకాలం సంగతి?

లెక్క చూడండి. ఒక సిలిండర్ 375 సీసీ, 10:1 కంప్రెషన్ అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు సుమారు 42 సీసీ. అంతకంటే ఎక్కువ నీళ్ళు చేరితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. చిన్న టీ గ్లాసులో సగం నీళ్ళు చాలు. స్టాక్ మానిఫోల్డ్‌లో పొడుగు దారి, ప్లీనం కొంత ఆపుతాయి. ఇక్కడ నోటిలో పడిందంటే నేరుగా వాల్వ్ దగ్గరే. కాలవలు పొంగి లంకల దారుల్లో నీళ్ళు నిలిచిన రోజున ఈ బండి బయటికి తీయకండి. ఒకవేళ నీళ్ళలో ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఇంజన్‌ని చేత్తో తిప్పి చూశాకే ఏదైనా.

అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పు గాలికి ఏమవుతుంది?

అల్యూమినియం బాడీలో స్టీలు స్క్రూ ఉన్న ప్రతిచోటా తెల్లటి పొడి కక్కుతుంది, తర్వాత స్క్రూ కదలదు. రొయ్యల చెరువుల చుట్టుపక్కల, చేపల లారీల నుంచి కారే ఉప్పునీళ్ళు పడే రోడ్ల మీద కూడా ఇదే తంతు. మరలకి యాంటీ సీజ్ పూయండి. లింకేజీ రాడ్ జాయింట్లకి నెలకోసారి పలచగా గ్రీజు పెట్టండి. సెన్సర్ ప్లగ్గుల్లో డైఎలక్ట్రిక్ గ్రీజు ఉంటే పచ్చ పట్టదు. బండిని వాడకుండా ఉంచితే వారానికోసారి, ఇంజన్ ఆపి ఉండగానే, పెడల్ పదిసార్లు తొక్కి వదలండి, షాఫ్టులు పట్టేయవు.

ఇక్కడ ట్యూన్ చేసిన బండి అరకు ఎక్కితే బరువుగా నడుస్తోంది. మ్యాప్ తప్పా?

ఈసీయూలో బారో కరెక్షన్ (బయటి గాలి ఒత్తిడిని బట్టి పెట్రోలు సర్దడం) లేదు. డెల్టా సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అరకు సుమారు 900 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి దాదాపు 10 శాతం తక్కువ. ఆల్ఫా-ఎన్‌కి ఆ సంగతి తెలియదు, కింద పోసినంత పెట్రోలే పైనా పోస్తుంది. ఈసీయూకి బయటి ఒత్తిడి చూసే సెన్సర్ ఒకటి విడిగా పెట్టి కరెక్షన్ ఆన్ చేయండి.

ఎండాకాలం కూడా లెక్కలోకి వస్తుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి 8 శాతం పలచన. దానిమీద మన ఉక్క: 35 డిగ్రీల్లో తేమ 75 శాతం ఉంటే పీల్చే గాలిలో 4 శాతం పైగా నీటి ఆవిరే. కాబట్టి మే నెలలో డైనో మీద వచ్చిన అంకెని జనవరి అంకెతో పోల్చుకుని దిగులుపడకండి.

ఒక్క ప్లగ్గు మాత్రం నల్లగా వస్తోంది.

ముందు ఆ సిలిండర్ సింక్ చూడండి. సరిగ్గా ఉంటే దాని ఇంజెక్టర్‌ని పక్క సిలిండర్‌లోకి మార్చండి. నలుపు ఇంజెక్టర్‌తో పాటు వెళితే ఇంజెక్టర్ కారుతోంది. అక్కడే ఉండిపోతే ప్లగ్ వైరు, కాయిలు, కంప్రెషన్ ఈ వరసలో చూడండి. నలుపు పొడిగా, మసిలా ఉంటే పెట్రోలు ఎక్కువ. తడిగా జిడ్డుగా ఉంటే ఆయిల్, దానికి ఐటీబీతో సంబంధం లేదు.

ఎన్నాళ్ళకోసారి చూసుకోవాలి?

కొత్తగా బిగించాక మొదటి 500 కిలోమీటర్లకి మానిఫోల్డ్ నట్లు, బూట్ల క్లాంపులు మళ్ళీ బిగించి సింక్ సరిచూడండి. రబ్బరు కూర్చునేసరికి మొదటిసారి తప్పకుండా మారుతుంది. ఆ తర్వాత 5000 కిలోమీటర్లకోసారి, ట్రాక్ బండైతే ప్రతి ఈవెంట్‌కి ముందు. లింకేజీ స్క్రూ ఏది కదిపినా త్రాటిల్ సెన్సర్ సున్నాని ఈసీయూలో మళ్ళీ సెట్ చేయాలి. ఇది మర్చిపోతే టేబుల్ మొత్తం ఒక గడి పక్కకి జరిగినట్టవుతుంది, సింక్ బాగా చేశాక బండి పాడైందేమిటని వెతుక్కోవాల్సి వస్తుంది. ఎయిర్‌బాక్సు ఫిల్టర్‌ని ఏడాదికి రెండుసార్లు, ప్రతి కోతల కాలం అయిపోయాక మార్చండి.